రూపాయిన్నర వడ్డీ

కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలు దారి మీద కేసముద్రం ఒక స్టేషను, ఒక మార్కెట్ యార్డు, ఆ రెంటి చుట్టూ పెరిగిన ఊరు. పాత వరంగల్ జిల్లా; 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. 2025లో మున్సిపాలిటీ కూడా అయింది. ఇక్కడ పైసల ముచ్చట లేకుండా పొద్దు గడవదు. మిర్చి ఎంత పోయింది, పత్తి ఎంత పలికింది, చిట్టీ ఎంతకు పాడారు, రైతుభరోసా పడ్డదా, పింఛను వచ్చిందా అని మొదలైన మాట సర్కారు మీదికి పోతుంది. సర్కారు మీద మొదలైనది ఇంటి అప్పు మీదికి వస్తుంది.

ఈ సంవాదంలో ఉన్నది ఇద్దరు. పెద్దనాయిన ఒక ప్రభుత్వ శాఖలో అకౌంట్స్ చూసి, అరవై ఒక్క ఏళ్లు నిండి 2024లో దిగిపోయిన మనిషి. రెండో మనిషి ఆయన తమ్ముడి బిడ్డ. మహిళా సంఘాలకు పుస్తకాలు రాస్తుంది, భర్తతో కలిసి మూడెకరాలు కౌలుకు చేస్తుంది. 2025 వానకాలం నాట్లకు ముందు వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. నేను పక్కనే ఉన్నాను. వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. నా అభిప్రాయం ఎక్కడ ఉందో అక్కడ చెబుతాను, దాచను.

పెద్దనాయిన: ముప్పై ఏండ్ల పైన సర్కారు లెక్కలు రాసిన బిడ్డా. రూపాయి పోతే దానికి వోచర్ ఉండాలె. ఆ రూపాయి ఎక్కడికెళ్లి వచ్చిందో రాసి ఉండాలె. ఇయ్యాల చూడు. బస్సు ఫ్రీ, రెండు వందల యూనిట్ల దాంక కరెంటు ఫ్రీ, గ్యాసు బండ ఐదు వందలకు, ఎకరానికి ఆరు వేలు. అడిగినోళ్లకు ఇస్తరు, అడగనోళ్లకు ఇస్తరు. నా పైసలు నాకు ఇయ్యుండ్రి అంటే మాత్రం ఖజానల లేవంటరు.

బిడ్డ: నీ పైసలంటే గ్రాట్యుటీ గదా.

పెద్దనాయిన: గ్రాట్యుటీ ఒక్కటేనా? లీవుల పైసలు ఉన్నయి. జీపీఎఫ్ ఉన్నది. జీపీఎఫ్ అంటే సర్కారు సొమ్ము కాదు, నెలనెలా నా జీతంలకెళ్లి కోసుకొని దాచిపెట్టుకున్నది. దాన్ని కూడ బిల్లు చేసి టోకెన్ నంబరిచ్చి కూసోబెట్టిండ్రు. నేనొక్కణ్నే కాదు, నాతోటి దిగిపోయినోళ్లు ఎంతమంది హైకోర్టుకు పోయిండ్రో నీకు తెలుసు.

బిడ్డ: తెలుసు. కాని ఒక మాట అడుగుత. 2021 మార్చిల రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి అరవై ఒకటికి పెంచిండ్రు. అప్పుడు నువ్వు సంతోషపడ్డవా లేదా?

పెద్దనాయిన: పడ్డ. మూడేండ్ల జీతం ఎక్కువొచ్చె. ఎందుకు పడ?

బిడ్డ: అది కూడ అప్పే పెద్దనాయినా. మూడేండ్లు ఎవ్వరు దిగలేదు, ఎవ్వరికి గ్రాట్యుటీ ఇయ్యలేదు. 2024 మార్చి ఆఖరుకెళ్లి అందరు ఒక్కసారి దిగుడు షురువైంది. ఒక్కొక్కరికి గ్రాట్యుటీనే పదహారు లక్షల దాంక. ఆ బిల్లు వస్తదని సర్కారుకు మూడేండ్ల ముందే తెలుసు. దాని కోసం ఒక్క రూపాయన్న పక్కకు పెట్టిండ్రా? బస్సు ఫ్రీ వచ్చింది 2023 డిసెంబర్ల. నీ పైసలు ఆగుడుకు బీజం పడ్డది 2021ల.

పెద్దనాయిన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. అకౌంట్స్ మనిషి కనుక ఆ మాటలో లెక్క ఉందని ఆయనకు తెలుసు. అయినా బస్సును మాత్రం వదల్లేదు.

పెద్దనాయిన: సరే, 2021ల తప్పు చేసిండ్రు. ఆ తప్పు మీద ఇంకో తప్పు ఎందుకు? ముఖ్యమంత్రే చెప్తున్నడు గదా. నెలకు వచ్చేది పద్దెనిమిది వేల ఐదు వందల కోట్లు, జీతాలకు పింఛన్లకు ఆరు వేల ఐదు వందల కోట్లు, పాత అప్పులకు దాదాపు అంతే. మిగిలేది ఐదారు వేల కోట్లు. అండ్ల స్కీములు నడపాలె, రోడ్లేయాలె, దవాఖానలు చూడాలె. ఇంట్ల గిట్ల ఉంటే నువ్వేం చేస్తవ్? పండుగకు చీరెలు కొంటవా?

బిడ్డ: చీరెలు కొన. కాని పిల్లలకు బువ్వ పెట్టుడు బంద్ చెయ్య. నువ్వు అన్ని స్కీములను ఒక్క మూటల కడుతున్నవ్. బియ్యం చూడు. ఇన్నేండ్లు దొడ్డుబియ్యం ఇచ్చిండ్రు. ఎంతమంది తిన్నరు? వాకిట్లకు ఆటో వచ్చేది, కిలో పదికో పన్నెండుకో అమ్మేటోళ్లు. అవే బియ్యం కొని, మిల్లు పట్టి, గోదాంల దాచి, లారీలల్ల తెచ్చేటప్పటికి ఎఫ్‌సీఐ లెక్కల కిలోకు నలభై రూపాయల దాంక ఖర్చు. నలభై రూపాయల సర్కారు పైసలు పన్నెండు రూపాయలకు అమ్ముడుపోయినయి. మొన్న ఉగాదికెళ్లి సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు. మా సంఘంల ఒక్కరు అమ్ముతలేరు. వండుకొని తింటున్నరు. స్కీము అదే. పైసలు అప్పుడు వృథా, ఇప్పుడు కాదు.

పెద్దనాయిన: బియ్యం సంగతి నేనొప్పుకుంట. 1983ల ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు గూడ మా ఆఫీసులల్ల పెద్దోళ్లు నవ్విండ్రట. కడుపుకు పెట్టేదాన్ని నేను ఖర్చు అన. కాని బస్సుకు ఏమంటవ్?

బిడ్డ: బస్సుకు ఏమంటనంటే, మన సంఘపోళ్లు మానుకోటకు పోయి కూరగాయలు అమ్ముకొని వస్తరు. పోను రాను చార్జీలు ఎంత మిగిలితే అంత వాళ్ల కూలి పెరిగినట్టు. ఆ పైస మొగోని చేతికి పోదు, బెల్టు షాపుకు పోదు. నాకు అంతకంటె ఏం కావాలె?

పెద్దనాయిన: బెల్టు షాపు మాట నువ్వే తీసినవ్. 2023ల వైన్ షాపులకు దరఖాస్తు పెట్టుకుంటే రెండు లక్షలు, డ్రాలో షాపు రాకున్నా వాపస్ రావు. రెండు వేల ఆరు వందల ఇరవై షాపులకు లక్షా ముప్పై రెండు వేల దాంక దరఖాస్తులు వచ్చినయి. ఒక్క సీసా అమ్మకముందే రెండు వేల ఆరు వందల కోట్ల పైన వచ్చిపడ్డది. స్కీముల పైసలు ఎక్కడికెళ్లి వస్తున్నయో అదే చెప్తది. ఆడోళ్లకు ఇచ్చే చార్జి పైసలు మొగోళ్ల జేబులకెళ్లే వస్తున్నయి.

బిడ్డ: అది నిజమే. దాని మీద నీకు నాకు తగాద లేదు.

ఇక్కడ నా మాట ఒకటి. బస్సు విషయంలో నేను బిడ్డ వైపు. కేసముద్రం నుంచి మహబూబాబాద్‌కు, అంటే మానుకోటకు, పోయి రావడం పట్నంలో ఉండేవాళ్లకు చిన్న ఖర్చుగా కనబడవచ్చు. రోజు కూలి మీద బతికే ఇంట్లో అది చిన్నది కాదు. ఆస్పత్రికి రేపు పోదాంలే అని వాయిదా వేసే ఆడవాళ్లు ఈరోజే పోతున్నారంటే ఆ ఖర్చుకు అర్థం ఉంది. మద్యం ఆదాయం విషయంలో మాత్రం పెద్దనాయిన మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పెద్దనాయిన: నాకు కావలసింది పని. కంటికి కనబడే పని. పోయినేడు సెప్టెంబర్ ఒకటో తారీఖు యాదికున్నదా? రాత్రంత వాన. మన కేసముద్రానికి, ఇంటికన్నెకు నడుమ పట్టాల కింద కంకర కొట్టుకపోయి, పట్టాలు గాలిల ఏలాడినయి. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయినయి. ఉత్తరానికెళ్లి దక్షిణానికి పోయే మెయిన్ లైను అది. వందలమంది కూలీలు, మిషిన్లు వచ్చి రాత్రింబవళ్లు చేసిండ్రు. నాలుగైదు రోజులల్ల బండి నడిచింది. సర్కారు పైసలు ఖర్చు పెట్టుడంటే అది.

బిడ్డ: నేను గూడ పోయి చూసిన. ఒక లారీ కంకర దించుతుంటె ఇంకో లారీ వెనుక నిలబడ్డది. నాకేమనిపించిందో చెప్పాల్నా? ఈ కంకరకు బిల్లు ఎప్పుడొస్తదని అక్కడ ఎవ్వరు అడుగుతలేరని. పని ఆగొద్దనుకుంటె పైసలు ఆగవు. అదే మన ఊర్ల సైడు కాలువ కట్టినాయనను అడుగు. సర్పంచులుగ చేసి దిగిపోయినోళ్లను అడుగు. పల్లెప్రగతి కింద అప్పు తెచ్చి పనులు చేసి, బిల్లుల కోసం తిరిగి తిరిగి పెండ్లాం మెడల పుస్తెలతాడు కుదువపెట్టినోళ్లు ఎంతమంది లేరు?

పెద్దనాయిన: ఆ మాటకొస్తే పెద్ద పనులల్ల గూడ మోసం ఉన్నది, కాదన. కాళేశ్వరం 2019 జూన్ల ఓపెన్ చేసిరి, 2023 అక్టోబర్ల మేడిగడ్డ పిల్లర్లు కుంగె. మొత్తం ఖర్చు లక్షా నలభై ఏడు వేల కోట్లు దాటొచ్చని కాగ్ రాసింది. పని అంటే అన్ని పనులు ఒక్కటే అని నేను అంటలేను.

బిడ్డ: మరి నేను అంటున్నది అదే. స్కీమా, పనా అని నువ్వు కొట్లాడుతున్నవ్. నా లెక్క వేరే. అన్న రోజు ఇచ్చిండ్రా లేదా? ఇయ్యకపోతే ఆ నడుమ దినాల వడ్డీ ఎవరు కట్టిండ్రు?

పెద్దనాయిన: జర ఇడమర్చి చెప్పు.

బిడ్డ: నీదే చెప్త. చిన్నదాని పెండ్లికి గ్రాట్యుటీ వస్తదని ఎదురుచూసి, రాకపోతే మానుకోటల ఐదు లక్షలు తెచ్చినవ్. రూపాయిన్నర వడ్డీ. నెలకు ఏడు వేల ఐదు వందలు. ఏడాదికి తొంభై వేలు. అయితదా?

పెద్దనాయిన: అయితది. కట్టిన గూడ.

బిడ్డ: ఇప్పుడు నువ్వు చెప్పు. సర్కారు అప్పు తెచ్చుకుంటె ఎంత వడ్డీకి తెచ్చుకుంటది?

పెద్దనాయిన: మంగళవారం మంగళవారం రిజర్వ్ బ్యాంకు వేలం పెడతది. రాష్ట్రాలు బాండ్లు అమ్ముకుంటయి. ఏడాదికి నూటికి ఏడు రూపాయల చుట్టు ఉంటది.

బిడ్డ: అంటే నీ ఐదు లక్షలు సర్కారు బయట తెచ్చి నీకు ఇచ్చి ఉంటె దానికి ఏడాదికి పడేది ముప్పై ఐదు వేలు. ఇయ్యకుండ ఆపింది కాబట్టి నువ్వు కట్టింది తొంభై వేలు. నడుమ యాభై ఐదు వేలు ఎటు పోయినయి? సర్కారుకు మిగల్లేదు, నీకు మిగల్లేదు. మానుకోటల అప్పిచ్చినాయనకు పోయినయి. సర్కారు అప్పు చేస్తలేదని గొప్పలు చెప్పుకుంటది. కాని చేస్తున్నది. నీ పేరు మీద, నా పేరు మీద చేస్తున్నది. రెండున్నర రెట్ల వడ్డీకి చేస్తున్నది.

ఈ సంవాదమంతా రాయాలని నాకు అనిపించింది ఈ మాట దగ్గరే. పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ మామూలు. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. ప్రభుత్వం బిల్లు ఆపినప్పుడల్లా ఏడు శాతానికి దొరికే అప్పును వదిలి ఇరవై నాలుగు శాతం అప్పును ఎంచుకుంటున్నట్టే. కట్టేది మాత్రం ఇంటివాళ్లు.

పెద్దనాయిన: నువ్వు చెప్పినదాంట్లె ఇంకోటున్నది, నీకు తెల్వదు. సర్కారు లెక్క అంతా నగదు లెక్క. పైస చేతుల నుంచి పోతేనె ఖర్చు. మార్చి ముప్పై ఒకటి నాటికి కట్టని బిల్లు ఆ ఏడాది ఖర్చుల రాదు, అప్పులల్ల రాదు. బడ్జెట్టు పుస్తకాలు ఎంత తిరగేసినా నా గ్రాట్యుటీ బాకీ అని ఒక్క లైను నీకు దొరకదు. 2025-26కు మూడు లక్షల నాలుగు వేల తొమ్మిది వందల కోట్ల పైన బడ్జెట్టు పెట్టిండ్రు. అండ్ల నేను ఎక్కడ లేను. కొత్త స్కీము అయితే పేపర్ల ఫొటోతోటి వస్తది. పాత బాకీ కడితే ఎవరు ఫొటో ఏస్తరు?

బిడ్డ: నా పుస్తకంల ఉన్నది పెద్దనాయినా. చూపిస్త ఆగు.

ఆమె సంచిలోంచి సంఘం లోను పుస్తకం తీసింది. పొడుగాటి రిజిస్టరు, అట్ట చిరిగితే ఎరువుల సంచి గుడ్డతో కుట్టింది. ఎడమ పక్క బ్యాంకు వాయిదా, దాని పక్కన అసలు, వడ్డీ. కుడి చివర "వడ్డీ రాయితీ రావలసింది" అని ఒక వరుస. మిగిలిన వరుసలన్నీ నీలం పెన్నుతో ఉన్నాయి. ఆ ఒక్క వరుస మాత్రం పెన్సిల్‌తో.

బిడ్డ: వడ్డీ లేని రుణమంటరు. కాని బ్యాంకు మా దగ్గర వడ్డీ నెలనెలా కోసుకుంటది. సర్కారు తర్వాత వాపస్ ఏస్తది. ఎప్పుడేస్తదో తెల్వదు కాబట్టి పెన్సిల్‌తోటి రాస్త. పడ్డనాడు పెన్నుతోటి దిద్దుత. కింది దాంక చూడు, కొన్నేండ్ల గీతలు పెన్సిల్ మీదనే ఉన్నయి. కొన్ని మాసిపోతే మల్ల దిద్దిన. కళ్యాణలక్ష్మి గూడ అంతే. 2014ల యాభై ఒక్క వేలతోటి పెట్టిండ్రు, తర్వాత లక్షా నూట పదహార్లు చేసిండ్రు. మా సంఘంల ఒకామె బిడ్డ పెండ్లికి లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఏడాది దాటినంక చెక్కు వచ్చింది. అప్పటికె ఇరవై నాలుగు వేలు వడ్డీ. ఆ పిల్లకు సర్కారు ఇచ్చింది లక్ష కాదు, డెబ్భై ఆరు వేలు. మిగిలింది వడ్డీ వ్యాపారికి ఇచ్చింది.

పెద్దనాయిన: అయితే ఏం చేద్దామంటవ్? ప్రతి స్కీముకు తారీఖు రాయాల్నా? రాస్తే పైసలు వస్తయా? బయ్యారం యాడికో దూరం లేదు, మన జిల్లానే. 2014 విభజన చట్టంల రాసిరి, ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చా లేదా అన్నది ఆరు నెలలల్ల సెయిల్ తేల్చాలె అని. పార్లమెంటుల పాసైన చట్టం అది, తారీఖు ఉన్న చట్టం. ఫ్యాక్టరీ ఏది? రాజుల సొమ్ము రాళ్ల పాలు అంటరు, ఇక్కడ రాళ్లు గూడ పడలే.

బిడ్డ: తారీఖు ఉన్నది, తప్పితే దండుగ లేదు. అందుకే రాలే. ఉపాధి హామీ చట్టంల ఏం రాసిండ్రో చూడు. మస్టర్ మూసినంక పదిహేను దినాలల్ల కూలి పడాలె. పదహారో దినం దాటినంక రోజుకు నూటికి ఐదు పైసల చొప్పున నష్టపరిహారం కట్టాలె. రోజుకు ఐదు పైసలు, నెలకు ఎంత?

పెద్దనాయిన: నూటికి రూపాయిన్నర.

బిడ్డ: నీకు మానుకోటల పడ్డదే ఆ రేటు. చట్టం రాసినోళ్లు ఊరి వడ్డీ తెలిసి రాసిండ్రో, తెల్వక రాసిండ్రో. కాని కూలి ఆగితే కూలివాడు ఎంతకు అప్పు తెస్తడో అంత రాసిండ్రు.

పెద్దనాయిన: రాసిండ్రు. ఇచ్చిండ్రా?

బిడ్డ: శానసార్లు ఇయ్యలేదు. ఆఫీసులల్ల ఆలస్యమైన దినాలు లెక్క పెట్టి, పైనుంచి పైసలు రాక ఆలస్యమైన దినాలు లెక్క పెట్టలేదు. ఇక మన ఊరు మున్సిపాలిటీ అయినంక ఆ పనే ఇక్కడ లేదు, అది పల్లెలకే. కాని హక్కు ఉన్నది కాబట్టి సుప్రీంకోర్టు దాంక పోయి అడిగేటోళ్లు అడిగిండ్రు. నీ గ్రాట్యుటీకి నువ్వు హైకోర్టుల వేరేగ కేసు వేసి గెలిస్తె తప్ప వడ్డీ వస్తదా?

పెద్దనాయిన: రాదు. ఇన్‌కంటాక్సు వాళ్లు నయం. రిఫండ్ ఆలస్యమైతే నెలకు అర్ధ రూపాయి వడ్డీ కలిపి ఏస్తరు. కాని నేను కట్టేది ఆలస్యమైతే నెలకు రూపాయి గుంజుతరు. నువ్వు చెప్పంగ ఇప్పుడనిపిస్తున్నది. ఒక్క బాకీకి రెండు రేట్లు ఎందుకుండాలె?

బిడ్డ: నాకు కావలసింది అంతే. స్కీము జీవోల ఒక్క లైను. ఈ తారీఖు దాటితె నెలకు రూపాయిన్నర అని. గ్రాట్యుటీకి అదే లైను, కళ్యాణలక్ష్మికి అదే లైను, కాలేజీ ఫీజులకు అదే లైను. అప్పుడు కొత్త స్కీము చెప్పేముందు పాతదాని వడ్డీ ఎంత పడుతున్నదో ఫైనాన్స్ వాళ్లే పోయి ముఖ్యమంత్రికి చెప్తరు.

పెద్దనాయిన: కొత్తది బంద్ చేస్తరా అప్పుడు?

బిడ్డ: బంద్ చెయ్యనియ్యి. పెన్సిల్‌తోటి రాసే స్కీములు పది ఉండుడు కంటె పెన్నుతోటి రాసేటివి నాలుగు ఉంటె చాలు.

పెద్దనాయిన: ఇది నేను పొద్దటికెళ్లి చెప్తున్నదే గదా!

బిడ్డ: కాదు. నువ్వు మా నాలుగు తీసేసి నీ ఒక్కటి కట్టుమంటున్నవ్.

ఇద్దరూ కొంతసేపు మాట్లాడలేదు. పెద్దనాయిన అన్నదాంట్లో ఒకటి మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను: పాత బాకీ తీర్చకుండా కొత్త పథకం ప్రకటించడం ఏ పార్టీ చేసినా తప్పే. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి నాలుగు వేల చెక్కు విత్తనాలకు ముందే చేతికి వచ్చింది. అందరూ మెచ్చుకున్నది ఆ ముందు రావడాన్నే. ఆ తర్వాత ఐదు వేలయింది, పేరు మారి రైతుభరోసా అయింది, ఆరు వేలయింది. అంకె పెరిగిందిగానీ 2024 వానకాలానికి అసలు పడలేదు. 2025 జనవరి 26న మొదలుపెట్టిన యాసంగి పైసలు ఎకరాల లెక్కన సాగిసాగి, ఎక్కువ భూమి ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. ఆరు వేలు అనుకొని రానిదానికంటే నాలుగు వేలు అనుకొని వచ్చింది మేలు. దుక్కి దున్నే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

పెద్దనాయిన: జూన్ల మాత్రం టైముకు ఏసిండ్రు. తొమ్మిది దినాలల్ల తొమ్మిది వేల కోట్లు. నేననుకోలేదు.

బిడ్డ: చెయ్యాలనుకుంటె అయితదని తెలిసింది గదా. ఊర్ల ఎలక్షన్లు ముందట ఉంటె ఇంకా జల్ది అయితది. మరి ఎవరి ఖాతాల పడ్డయి పెద్దనాయినా?

పెద్దనాయిన: ఎవరి ఖాతాల అంటె? పట్టా ఎవరి పేరు మీద ఉంటె వాళ్ల ఖాతాల.

బిడ్డ: మేం కౌలుకు చేసే మూడెకరాలు ఎవరి పేరు మీద ఉన్నయి?

పెద్దనాయిన జవాబు చెప్పలేదు. ఆ మూడెకరాలు ఆయనవే.

బిడ్డ: పద్దెనిమిది వేలు. నీకు పడ్డట్టు నీ ఫోనుకు మెసేజ్ వచ్చింది, నాకు నువ్వే చూపించినవ్. పొద్దటికెళ్లి ఫ్రీ పైసలు, ఫ్రీ పైసలు అంటున్నవ్. నేను అనలేదు. ఎకరానికి ఇరవై వేల కౌలు, సగం ఉగాదికి ముందే ఇచ్చిన. విత్తనాలు, మందు కట్టలు, కూలి అన్ని నావి. వాన కొట్టకపోతె నష్టం నాది. సర్కారు పంటకు ఇచ్చే పైసలు మాత్రం పంట వెయ్యనోనికి.

పెద్దనాయిన: నేను అడిగి తీసుకోలేదు బిడ్డా. వాళ్లే ఏసిండ్రు.

బిడ్డ: నేను గూడ బస్సు అడిగి ఎక్కలేదు. 2023 ఎలక్షన్లకు కాంగ్రెస్ వాళ్లు కౌలుదారులకు గూడ ఏడాదికి ఎకరానికి పదిహేను వేలని రాసిండ్రు. పదిహేను పన్నెండు అయింది, కౌలుదారు మాయమైండు. 2011ల చట్టం ఉన్నది, కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇయ్యాలని. ఆ కార్డు ఉంటె బ్యాంకుల పంట రుణం వస్తది, రెండు రూపాయల వడ్డీ తప్పుతది. నువ్వు నాకు కౌలు రాసిస్తవా?

పెద్దనాయిన: కాయిదం మీద రాసుడు అనంగనె నా పానం ఆగది. ఎందుకో నీకు తెలుసు. మా నాయిన కాలంల థర్టీఎయిట్-ఈ అని చెప్పి కౌలుదార్లకు పట్టాలిచ్చిండ్రు. 1950 చట్టం. కొందరికి న్యాయం జరిగింది, నేను కాదన. కాని అప్పటికెళ్లి భూమి ఉన్నోడు కౌలు అనే మాట కాయిదం మీద రాయడు. నీ మీద నమ్మకం లేక కాదు. కాయిదం మీద నమ్మకం లేక.

బిడ్డ: 2011 చట్టంల స్పష్టంగ రాసిండ్రు. కార్డు ఒక్క ఏడాదికే, భూమి మీద ఏ హక్కు రాదు అని. సర్కారు నీ జీపీఎఫ్ ఇయ్యకపోతె చట్టం చూపిస్తవ్. నేను చట్టం చూపిస్తె భయపడుతున్నవ్.

నాకు ఇందులో ఎవరి పక్కన నిలబడాలో తెలుసు, అయినా పెద్దనాయిన భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. తెలంగాణలో భూమి రికార్డు ఎన్నిసార్లు మారిందో, ధరణి పోర్టల్‌లో ఎంతమంది పేర్లు తప్పి ఆఫీసుల చుట్టూ తిరిగారో ఆయన తన ఉద్యోగంలోనే చూశాడు. ఆ భయాన్ని పోగొట్టే పని ప్రభుత్వానిది. అది చేయక పట్టాదారు ఖాతాలో వేసేస్తే సులువు కనుక అలా వేస్తోంది. పైసలు పంచడంలో ప్రభుత్వానికి ఏది సులువో అదే పద్ధతి అవుతోంది.

పెద్దనాయిన: కాయిదం సంగతి తర్వాత. కౌలు తగ్గిస్త. ఎకరానికి రెండు వేలు.

బిడ్డ: నీకు పడ్డది ఆరు.

పెద్దనాయిన: మూడు. మీది సగం, నాది సగం. బోరు మోటరు రిపేరు నేనే గదా చూసేది. కాని ఒక షరతు. యాసంగికి గూడ తగ్గిస్త, ఆ పైసలు నా ఖాతాల పడితేనె. 2024 వానకాలం లెక్క ఎగ్గొడితే నా జేబులకెళ్లి ఇయ్యలేను.

బిడ్డ: అంటె సర్కారు ఆలస్యం చేస్తే నువ్వు ఆలస్యం చేస్తవ్. కౌలు మాత్రం ముందే తీసుకుంటవ్. ఆ నడుమ దినాలకు వడ్డీ?

పెద్దనాయిన: నాతోటి గూడ వడ్డీ మాట్లాడుతవా?

బిడ్డ: విత్తనాల దుకాణపాయన నాతోటి మాట్లాడుతడు గదా. రూపాయిన్నర. ఉపాధి చట్టంల ఉన్నదే.

పెద్దనాయిన: వడ్డీ సంగతి రేపు మాట్లాడుదాం. ఈ పంటకు ఎకరానికి మూడు వేలు తగ్గించిన. నీ పుస్తకంల రాసుకో.

బిడ్డ: పెన్సిల్‌తోటి రాసుకుంట.